తలకిందులైన కుందేలు

ఆ రోజు నేను చేసిన తప్పు, ఒక ఫొటోను సరిచేయడం.

మా ఫిజిక్స్ విభాగంలో అటెండరుగా పనిచేసే ఆమె ప్రతి పున్నమికీ తార్నాకలోని తన డాబా మీద, పిట్టగోడకు ఫోను ఆనించి చందమామను ఫొటో తీస్తుంది. ఎవరికైనా చూపించే ముందు తెరను కొంగుతో తుడుస్తుంది. విద్యార్థుల ప్రదర్శనకు రెండు ఫొటోలిచ్చింది. ఒకటి సాయంత్రానిది, ఒకటి తెల్లవారుజాముది. రెండోదానిలో చందమామలోని కుందేలు తలకిందులుగా ఉంది. ఫోను తిరగేసి పట్టుకుందనుకుని, దాన్ని నిటారుగా తిప్పి ప్రింటు తీయించాను.

గోడమీద చూసి ఆమె ఆగిపోయింది.

"ఏంది సార్, నా కుందేలును లేపి నిలబెట్టిన్రు? పొద్దుగూకంగ దాని చెవులు మీదికుంటయి. రాత్రంత దుంకి దుంకి, తెల్లారెటాల్లకు బోర్లపడ్తదని మా అవ్వ చెప్పేది. నిజమా అని నేను ప్రతి పున్నానికి చూసిన. రెండూ ఒక్కతీరుంటే ఇగ నేనేం చూపిచ్చినట్టు?"

ఉదయించి అస్తమించేలోపు చంద్రబింబం అలా తిరిగినట్టు కనిపిస్తుందని ఏటా పాఠం చెప్పేవాణ్ణి. ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

మర్నాడు ఆమె తీసినట్టే మళ్లీ ప్రింటు తీయించి, నేనే మేకు కొట్టాను. తప్పు నాదేనని విద్యార్థులకు చెప్పి, వివరించమని ఆమెను పిలిచాను.

"మీకు గూడ చెప్పాల్నా సార్?" అని నవ్వింది.

"ముందు నాకే" అని విద్యార్థుల మధ్య కూర్చున్నాను.