ఎనిమిదో కిలో దగ్గర కలిసిన గీతలు

నాచారంలో మా నాన్న కిరాణా కొట్టు నడిపే రోజుల్లో, నా చిన్నప్పుడు, బేరమనేది నాతోనే పుట్టిందనుకునేదాన్ని. పదకొండేళ్ళ పిల్లని. క్రిస్మస్ ముందు మా గల్లీవాళ్ళంతా బిస్కెట్ల పిండి ఇంట్లోనే కలిపి, బేకరీ భట్టీలో కాల్పించుకొచ్చేవారు. కాల్చినందుకు కిలోకు అర్ధరూపాయి. ఆ ఏడు నాలుగు కిలోల పిండికి సరిగ్గా రెండు రూపాయలిచ్చి, మాట్లాడి రమ్మంది అమ్మ.

ఊరికే ఇచ్చి వస్తానా! ఉప్పల్ దారిలో కొత్తగా పెట్టిన బేకరీ మామతో గంటసేపు వాదించి కిలోకు పావలాకి దించాను. "అది గాక భట్టీ వేడిజేసేటందుకు రెండు రూపాయలు బేటీ, పిండి ఎంతున్నా గంతే" అన్నాడు. నా చెవికి పావలా ఒక్కటే వినబడింది. సగం ధర! ఆ రెండు రూపాయలూ బయానా ఇచ్చేసి ఎగురుకుంటూ వచ్చాను.

"మరి నాలుగు పావలాలు ఎవలియ్యాలె? మీ తాతనా?" అని అమ్మ అడిగేదాకా తట్టలేదు. మొత్తం మూడు రూపాయలు! నాన్న గల్లాపెట్టె పండుగ సరుకుకే ఊడ్చుకుపోయింది. బయానా తిరిగి రాదు. ఇక ఆ ఏడు మా ఇంట్లో బిస్కెట్లు లేనట్టే.

పక్కింటి అక్క సర్కారు ఆఫీసులో నక్షలు గీసేది. నా ఏడుపు విని వచ్చి, సంగతి తెలుసుకుని, బొగ్గుముక్కతో మా అరుగు మీద గీయసాగింది. అడ్డంగా కిలోలు, నిలువుగా రూపాయలు. పాత బేకరీ గీత సున్నా దగ్గర పుట్టి గబగబా ఎక్కింది. నా బేరం గీత రెండు రూపాయల మీద పుట్టి, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలా మెల్లగా ఎక్కింది. ఎనిమిదో కిలో దగ్గర రెండూ కలుసుకున్నాయి.

"సూడు, గీడిదాక నువ్వు మునుగుతవ్. ఇది దాటితే నీ బేరమే గెలుస్తది. ఏడుస్తవేందే? పిండి పెంచు!"

"ఏడికెళ్ళి తేవాలక్కా?"

"గల్లీల మనొక్కలమే ఉన్నమా?"

ఇక పరుగే పరుగు! "మా బిస్కెట్లు మీవాట్ల కలిస్తే?" అని ఒక పెద్దమ్మ మొండికేసింది. "మీవాటి మీద చెంచాతోని గీతలు పెట్టు పెద్దమ్మా, మావాటి మీద గుండీ అచ్చు ఒత్తుతం" అన్నాను. సాయంత్రానికి పెద్దమ్మతో కలిపి మూడిళ్ళు మాతో చేరాయి, మాతో నాలుగు. ఇంటికి నాలుగు కిలోల చొప్పున పదహారు కిలోలు! పాత ధరకైతే ఎనిమిది రూపాయలు, నా బేరానికి ఆరే. ఇంటికి రూపాయిన్నర!

మర్నాడు గిన్నెల వరుస చూసి బేకరీ మామ నోరు తెరిచాడు. "ఇదేంది బేటీ, బరాత్ దెచ్చినవా?"

"ఎంతున్నా గంతే అన్నరు గద మామా!"

అతను తల గోక్కుని, పకపకా నవ్వి, భట్టీ రాజేశాడు. మిగిలిన అర్ధరూపాయి అమ్మ చేతిలో పెట్టాను. మా బిస్కెట్లు కొన్ని మాడాయి, అయినా ఒక్కటీ మిగల్లేదు.

ఇప్పటికీ ఎవరైనా సగం ధరంటే ముందు మురిసిపోతాను, ఆ బుద్ధి పోలేదు. కానీ డబ్బు తీసేముందు ఆ గీత ఎక్కడ పుట్టిందో అడుగుతాను. ఎక్కడ కలుస్తుందో లెక్కేస్తాను. ఆ గీటు దాటడం నా ఒక్కదాని వల్ల కాకపోతే, వెళ్ళి ఇరుగుపొరుగు తలుపులు తడతాను.