మొదటి రౌండు మాది

నేను ముట్టుకోకముందే తలుపు తెరుచుకుంది.

జెయింట్ వీల్ ఆగి, మా పిల్లలు కూర్చున్న డబ్బా కింద ప్లాట్‌ఫాం దగ్గరికొచ్చి నిలబడింది. గొళ్ళెం తీద్దామని చెయ్యి చాచాను. నా వేళ్ళు ఇంకా ఇనుమును తాకలేదు. డబ్బా కొంచెం ఊగింది, ఆ ఊపుకే తలుపు తెరుచుకుని వచ్చి నా మోచేతికి కొట్టుకుంది. లోపల నా కూతురూ కొడుకూ నవ్వుతూ కూర్చుని ఉన్నారు. చిన్నవాడు తలుపు వైపు ఉన్నాడు.

"మమ్మీ, ఔర్ ఏక్ బార్!" అన్నాడు, ఇంకోసారి తిప్పమని.

సూరత్ శివారు అమ్రోలి మేడలన్నీ కాళ్ళ కింద కనిపించే ఎత్తులో వాడు గొళ్ళెం పడని తలుపు పక్కన కూర్చుని తిరిగొచ్చాడు. పైనుంచి నాకు చెయ్యి కూడా ఊపాడు. నేను కింద నిలబడి ఫోన్‌లో ఫొటో తీశాను.

ఇద్దర్నీ దింపి, పక్కన నిలబెట్టి, గొళ్ళెం చూశాను. కొత్తగా పసుపు రంగు వేశారు. పిన్ను లేదు. పిన్ను వేలాడే గొలుసు కూడా లేదు.

ఆ వీల్ మా మామది. అంటే, అప్పటికి కొన్ని నెలల ముందు వరకు మామది. ఆయన సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి సగం వయసు సాంచాల మీద, మరమగ్గాలు నడుపుతూ గడిపాడు. కూలికి నేసే కారీగర్‌గా మొదలుపెట్టి సొంతంగా కొన్ని సాంచాలు పెట్టుకున్నాడు. తర్వాత వాటిని అమ్మేసి, అమ్రోలి దాటి కిమ్ వైపు వెళ్ళే దారిలో చిన్న జాగా తీసుకుని, ఊరూరా జాతరల్లో మేళాలు నడిపే ఒకాయన దగ్గర పాత జెయింట్ వీల్ కొన్నాడు. ఒక పిల్లల రైలు, నీళ్ళలో తిరిగే బాతు పడవలు, ఒక శెనగల బండి. అంతే మా పార్కు. సెలవు దొరికే రజా రోజున, తెలుగువాళ్ళుండే నవాగామ్ నుంచి, డిండోలి నుంచి మనవాళ్ళు కుటుంబాలతో ఆటోల్లో వచ్చేవాళ్ళు.

మామకు ఒక పద్ధతి ఉండేది. రోజూ గేటు తెరిచాక మొదటి రౌండు మా ఇంటివాళ్ళే ఎక్కాలి. టికెట్లు కొన్నవాళ్ళు నిలబడి చూస్తుంటే ముందు మేం తిరిగి రావాలి, ఆ తర్వాతే వాళ్ళు. ఎక్కువ రోజులు మా అత్తే ఎక్కేది. ఆమెకు ఎత్తంటే ప్రాణం పోయేంత భయం. కొంగు మొహం మీద కప్పుకుని, పైకి పోతుంటే "ఓ సామీ, జల్ది దించుండ్రి, నాకు పోరగాండ్లున్నరు!" అని అరిచేది. కింద జనం పగలబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల మధ్యనే మామ ఒక్కో డబ్బాను కింద ఆపి, తలుపుకు గొళ్ళెం వేసి, గొళ్ళెంలో ఇనుప పిన్ను దోపి, రెండు చేతులతో ఒకసారి గుంజి చూసేవాడు. ఒక్క పోగు తెగితే సాంచా ఆపే మనిషి. వీల్ కూడా అట్లాగే నడిపాడు.

కంపెనీ వచ్చింది. మా పార్కు లాంటి ఇంటి పార్కులను ఊరూరా కొని, ఒకే రంగు వేసి, ఒకే పేరుతో నడిపే కంపెనీ. మాట్లాడటానికి వచ్చిన మేనేజరు తెలుగువాడు. కోస్తా వైపు నుంచి హజీరా ఫ్యాక్టరీలకు ఇంజనీరుగా వచ్చి, తర్వాత ఈ కంపెనీలో చేరాడట. గుజరాతీ పత్రాలు పక్కన పెట్టి మామతో తెలుగులో మాట్లాడాడు. మా అత్త సర్వపిండి చేసి పెడితే రెండోది అడిగి తిన్నాడు.

"మా అమ్మ గుర్తొచ్చిందండీ పిన్నిగారూ," అన్నాడు.

అత్త కళ్ళు తుడుచుకుంది. మామ నావైపు తిరిగి, "మనోడే గదా బిడ్డా, మనల్ని ముంచుతడా?" అన్నాడు.

ఊరు కాని ఊరిలో తెలుగు వినపడితే మేం చేసే తప్పు ఇదే. భాష వినగానే మనిషిని చూడటం మానేస్తాం. గుజరాతీ సేఠ్ అయితే మామ వారం రోజులు బేరమాడి, నలుగుర్ని అడిగి, ప్రతి మాటా రాయించుకునేవాడు. వీడికి నోటి మాట మీద ఇచ్చేశాడు. "మీ పద్ధతులన్నీ ఇలాగే ఉంటాయండీ, మీరు రోజూ వచ్చి కుర్చీలో కూర్చోండి, మాకు పెద్దదిక్కు" అన్నాడు మేనేజరు. కుర్చీ ఉంది. పద్ధతులు మొదటి వారంలోనే పోయాయి. మొదటి రౌండు టికెట్ లేకుండా తిప్పడం దండగ అన్నారు. ఒక్కో తలుపుకు పిన్ను పెట్టేంతలో ఇంకో రౌండు తిప్పొచ్చన్నారు. పిన్నులు తీసి, తలుపు మూస్తే తనంతట తనే పడే స్ప్రింగు గొళ్ళేలు పెట్టారు. అవి పడితే పడతాయి, లేకపోతే లేదు.

తలుపు తెరుచుకున్న ఆ ఆదివారం పిల్లల్ని ఇంటికి పంపించి నేను నేరుగా మేనేజరు గదికి వెళ్ళాను.

"తలుపు దానంతట అదే తెరుచుకుంది. నా పిల్లలు లోపల ఉన్నరు," అన్నాను.

"కూర్చోండమ్మా. మంచినీళ్ళు తాగుతారా?"

"నీళ్ళు వద్దు. పిన్నులు మళ్ళ పెట్టియ్యండి."

"కొత్త లాకులు హెడ్డాఫీసు నుంచి వస్తాయండీ. నాకూ తెలుసు, చూసుకుంటాం కదా. రేపటి నుంచి ఎలాగూ పెయింటింగ్ కోసం పార్కు మూసేస్తున్నాం. మీరు చదువుకున్నవాళ్ళు, ఇంత కంగారు పడితే ఎలా?"

నాకూ తెలుసు అన్న ముక్క నేను మర్చిపోలేదు.

మర్నాడు ఆయన మామను పనివాళ్ళందరి ముందూ పిలిచాడు. నవ్వుతూనే అన్నాడట: "మీ కోడలుగారికి భయం కాస్త ఎక్కువండీ. అయినా ఆ డబ్బాలు మీరు కొన్నవేగా? రేపేదైనా జరిగితే పాత సరుకు అంటగట్టారని మీ పేరే వస్తుంది. ఆ మాట ఆవిడకి చెప్పండి."

సాయంత్రం మామ ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు. తన చేతులతో వేలసార్లు గుంజి చూసిన తలుపుల గురించి ఆయన ఆ మాట పడ్డాడు.

"ఇడ్సిపెట్టు బిడ్డా," అన్నాడు నాతో. "నాకు గా కుర్చీ చాలు. లొల్లి జేస్తే అది గూడ పోతది."

నాకు ఏడుపు రాలేదు. కోపం గడ్డకట్టింది. అది ఇంకా కరగలేదు. పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నప్పుడు కూడా అట్లాగే ఉంది.

తర్వాత కబురొచ్చింది. రంగులు వేశాక పార్కును మళ్ళీ కొత్తగా తెరుస్తున్నారు. 'మీ ఇంటి పార్కు' అని పెద్ద బోర్డులు పెట్టారు. ప్రచారం వీడియో కోసం మొదటి డబ్బాలో పాత యజమాని మనవలు కూర్చోవాలట. మా అమ్మాయికీ అబ్బాయికీ పసుపు రంగు టీషర్టులు పంపించారు. చిన్నవాడు ఆ టీషర్టు వేసుకునే నిద్రపోయాడు.

తెరవడానికి ముందురోజు కూరగాయల సంచీ పట్టుకుని పార్కులోకి వెళ్ళాను. వాచ్‌మన్ నన్ను ఆపలేదు. వీల్ దగ్గర ఎవరూ లేరు. కింద ఉన్న డబ్బా తలుపు మూసి ఒక్క వేలితో నెట్టాను. తెరుచుకుంది. పక్కదాన్నీ నెట్టాను. అదీ తెరుచుకుంది. రంగు మాత్రం రెండో పూత కూడా పడింది.

మా ఆయనకు చెప్పాను. ఆయన మార్కెట్‌లో చీరల గోదాం చూస్తాడు, గొడవలంటే పడదు.

"పిల్లలకు జ్వరం అని చెప్దాం. పోకుంటె అయిపాయె," అన్నాడు.

"మన పిల్లలు ఎక్కకుంటె ఇంకొకళ్ళ పిల్లలు ఎక్కుతరు."

"అయితే మున్సిపాలిటీల కంప్లైంట్ ఇయ్యి."

"ఇస్త. వాళ్ళొచ్చి చూసేసరికి రేపు వీల్ తిరగనే తిరుగుతది."

"మరేం జేస్తవే?"

"మామ పద్ధతే జేస్త," అన్నాను.

ఆయన అర్థం కాక చూశాడు. ఉన్నమాట చెప్పాలంటే, వీల్ ఆపడం ఒక్కటే నాకు సరిపోదు. ఆ మేనేజరు మొహం చూడాలనిపించింది. మామ మొహం అందరి ముందూ ఎట్లా వాడిందో అట్లా చూడాలనిపించింది. నేను ఎక్కమన్నాక నిజంగానే అతను ఎక్కి కూర్చుంటే, వీల్ కదలకముందే నేనే వెళ్ళి ఆ తలుపును జనం ముందు వేలితో నెట్టాలని కూడా అనుకున్నాను.

మర్నాడు పండగలా ఉంది పార్కు. గర్బా పాటలు పెట్టారు. నవాగామ్ నుంచి మావాళ్ళు చాలామంది వచ్చారు, సూరతీలు అంతకంటే ఎక్కువ. మేనేజరు భార్యను కూడా తీసుకొచ్చాడు. చక్కటి పట్టుచీర కట్టుకుని ఉంది, నన్ను చూసి నవ్వింది. ఆమె మీద నాకేం లేదు. మేనేజరు మైకు తీసుకుని హిందీలో, కుటుంబం అంటే ఏమిటో, నమ్మకం అంటే ఏమిటో మాట్లాడాడు. మామను పక్కన నిలబెట్టి భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత మైకు మామకిచ్చి రెండు మాటలు చెప్పమన్నాడు.

మామ తడబడ్డాడు. "మా కోడలు జెప్తది," అని మైకు నాకిచ్చాడు.

నేను గుజరాతీలో మొదలుపెట్టాను. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే బీకాం చదివాను. గట్టిగా, నిదానంగా చెప్పాను. "ఈ పార్కులో ఒక ఆచారం ఉంది. పాతవాళ్ళందరికీ తెలుసు. మొదటి రౌండు యజమాని ఇంటివాళ్ళు ఎక్కుతారు. మా అత్త కొంగు కప్పుకుని ఎట్లా అరిచేదో మీరే చూశారు."

జనం నవ్వారు. ఎవరో ముసలాయన, "హా, హా, కాకీ బహు బీతీ హతీ!" అని అరిచాడు, పిన్ని బాగా భయపడేదని.

"నిన్నటి దాకా యజమానులం మేము. ఇప్పుడు సాహెబ్. కాబట్టి మొదటి రౌండు సాహెబ్ ఎక్కుతారు, మేడమ్‌తో కలిసి. తర్వాతే మన పిల్లలు."

చప్పట్లు మొదలయ్యాయి. సూరత్ జనానికి ఇట్లాంటివి ఇష్టం. "బేసో సాహెబ్, బేసో!" అని, ఎక్కి కూర్చోమని కేకలేశారు. వీడియో తీసే అతను కూడా కెమెరాను మేనేజరు వైపు తిప్పాడు. మేనేజరు నవ్వాడు. నా చేతిలోంచి మైకు తీసుకుని, పని ఉంది, తర్వాత తప్పకుండా అన్నాడు. జనం వినలేదు. ఇంతలో ఆయన భార్య సిగ్గుపడుతూనే కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని డబ్బా వైపు అడుగు వేసింది.

అతను ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. రెండో చేతిలో మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"ఏయ్, నువ్వెక్కొద్దు! ఆ తలుపులు ఇంకా బాగు చేయించలేదు."

అచ్చ తెలుగులో అన్నాడు. పార్కులోని స్పీకర్లన్నీ ఆ మాట అన్నాయి.

సూరతీలకు అర్థం కాలేదు. నవాగామ్ వాళ్ళకు అర్థమయింది. వాళ్ళలోంచి చంకలో పిల్లనెత్తుకున్న ఒకామె ముందుకు వచ్చింది. ఆమె ఎవరో నాకు తెలియదు.

"ఏంది సాహెబ్? నీ పెండ్లాం ఎక్కొద్దు, మా పోరగాండ్లు ఎక్కొచ్చా?" అని, వెంటనే వెనక్కి తిరిగి, తలుపు బాగాలేదని పెండ్లాన్ని ఎక్కనివ్వడం లేదని హిందీలో అందరికీ చెప్పింది. "ఇస్కా బీవీ నహీ చఢేగీ! బోల్తా హై దర్వాజా ఖరాబ్ హై!"

నేను డబ్బా దగ్గరికి వెళ్ళి తలుపు మూశాను. ఒక్క వేలితో నెట్టాను.

అతని మొహం చూశాను. తృప్తిగా చూశాను. నుదురు, చెవులు, మెడ అన్నీ ఎర్రబడ్డాయి. భార్య అతని చెయ్యి విడిపించుకుని, చూపు తిప్పుకుని నిలబడింది. టికెట్లు కొన్నవాళ్ళు కౌంటరు అద్దం మీద కొడుతున్నారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినసొంపుగా ఉంది.

సాయంత్రానికి వీల్ చుట్టూ తాడు కట్టారు. పై ఆఫీసు నుంచి ఎవరో వస్తున్నారని, పిన్నులు తిరిగి పెట్టేదాకా తిప్పరని వాచ్‌మన్ చెప్పాడు. మామను రేపటి నుంచి రావద్దన్నారు. మేనేజరు ఫోన్ చేశాడు. మామ చేతిలోంచి నేను ఫోన్ తీసుకున్నాను.

"తెలుగువాళ్ళై ఉండి నా కడుపు మీద కొట్టారేంటమ్మా?" అన్నాడు. "నా ఉద్యోగం పోతుంది."

"పోనీ," అన్నాను. "నా కొడుకు పోలేదు."

మామ నాతో మాట్లాడలేదు. అన్నం తిన్నాడు, కానీ నేను వడ్డిస్తే కాదు, అత్త వడ్డిస్తే. బాల్కనీలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయనకు ఉన్న ఒక్క చోటునూ నేనే పోగొట్టాను. తెలిసే పోగొట్టాను. మళ్ళీ అట్లాంటి రోజు వస్తే మళ్ళీ పోగొడతాను. ఆయన ఎప్పటికైనా మాట్లాడతాడు. మాట్లాడకపోయినా ఆ బాల్కనీలోంచి చూస్తే కింద మనవలు ఆడుకుంటూ కనిపిస్తారు, అది చాలు.

మర్నాడు పొద్దున జడ వేస్తుంటే మా అమ్మాయి తల తిప్పకుండా అడిగింది.

"మమ్మీ, క్లాస్‌ల అందరు అడుగుతరు. తాత వీల్ కైసే బంద్ అయ్యిందంటే ఏం చెప్పాలె?"

చిన్నవాడు బూటు చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. బాల్కనీలో మామ ఉన్నాడు, వింటున్నాడని తెలుసు.

"తాత మంచిగ నడిపిండు, కొన్నోళ్ళు ఖరాబ్ చేసిండ్రు, మా అమ్మ బంద్ చేయించింది అని చెప్పుండ్రి," అన్నాను. "మెల్లగ కాదు. గట్టిగ చెప్పుండ్రి."