నాన్న గీసిన అక్షరం

మా పక్కింటి మాస్టారు పోయారని టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో డ్యూటీలో ఉండగా కబురొచ్చింది. చెవులకున్న హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి ఏడ్చాను. ఈ నాలుగు మాటలూ ఆ రోజే రాసి ఉంటే చదివేవాళ్ళకీ కన్నీళ్ళొచ్చేవి. పెద్దకర్మ అయ్యాక రాస్తున్నాను కాబట్టి పళ్ళు కొరుకుతూ రాస్తున్నాను.

ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. రేడియోలంటే ప్రాణం. నాన్న చనిపోయిన ఏడాది, వానల్లో మా వాల్వు రేడియో మూగబోతే, "పారెయ్యకమ్మాయ్, బాగుచేసుకుందాం" అంటూ రెండు నెలలపాటు సాయంత్రాలు మా ఇంటికొచ్చారు. భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, గడ్డం గీసుకునే బ్రష్షుతో దుమ్ము దులిపేవారు. చిరిగిన స్పీకరు కాగితానికి మైదాపిండి జిగురుతో నాచేత అతుకు వేయించారు. పని చేసేటప్పుడు ఎడం చెయ్యి నడుం వెనక పెట్టుకునేవారు, షాకు కొడితే గుండెదాకా పోకుండా. "ప్లగ్గు పీకేశాం కదా అని చెయ్యి పెట్టకు. పీకేశాక కూడా కొడుతుంది" అనేవారు.

చివర్లో వాల్వులు పరీక్ష చేస్తానని తన ఇంటికి పట్టుకెళ్ళారు. మర్నాడు తిరిగి తెచ్చి తల అడ్డంగా ఊపారు.

"గొంతునిచ్చే పెద్ద వాల్వు పోయిందమ్మాయ్. ఈ నంబరుది ఇప్పుడెక్కడా రావట్లేదు. అన్నీ ట్రాన్సిస్టర్లే."

ఆ నంబరు కాగితం మీద రాసుకుని తిరిగాను. గవర్నర్‌పేటలో నేను మెట్లెక్కని రేడియో షాపు లేదు. దొరకలేదు. "దానికేముందండీ, మా ఇంటికొచ్చి వినండి" అన్నారు మాస్టారు అమ్మతో. ఆయనదీ మా మోడలే. గరగరలాడే ఆ రేడియో ఎలాగో అప్పుడే బాగుపడింది. నాలుగేళ్ళు అమ్మ ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, వాళ్ళింట్లో కూర్చుని నాటకం వింది. ఆ కృతజ్ఞత కొద్దీ ఏటా ఒక జాడీ ఆవకాయ పంపేది.

పెద్దకర్మ తర్వాత వచ్చిన ఆదివారం మాస్టారి భార్య నన్ను పిలిచారు.

"రేడియో పలకట్లేదమ్మా. ఆయన శిష్యురాలివి, నువ్వే చూడాలి."

ప్లగ్గు పీకి, ఎడం చెయ్యి వెనక్కి పెట్టుకుని, వెనక అట్ట విప్పాను. పెద్ద వాల్వు మొదలంతా మకిలి పట్టి ఉంది. కాళ్ళు కూడా తుడుద్దామని బయటికి లాగి రుద్దితే, దాని నల్లటి మొదలు మీద సూదితో గీసిన 'మ' కనపడింది.

బిందెల మీదా గ్లాసుల మీదా అమ్మ పేరు కొట్టించడం మా నాన్న అలవాటు. రిపేరుకిస్తే షాపువాళ్ళు మార్చేస్తారని పెద్ద వాల్వు మీద కూడా ఆవిడ పేరులో మొదటి అక్షరం గీశారు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా మాస్టారి ఇంటి నుంచి తిరిగొచ్చిన వాల్వు మీద అది ఉందో లేదో చూడాలని తోచలేదు. షాపువాళ్ళనైతే అనుమానిస్తాం, మాస్టారిని అనుమానిస్తామా?

ఒళ్ళు మండిపోయింది. మా రేడియో గొంతు మా అమ్మకే దానం చేసినట్టు వినిపించి, పైగా ఆవకాయ తిన్నారు! అక్షరం చూడలేదో, చూసి కూడా చెరపడానికి చెయ్యి రాలేదో, అడగడానికి మనిషి లేరు. కొంగులో చుట్టుకుని పట్టుకుపోదామనుకున్నాను. మాది మేం తీసుకోవడం తప్పెలా అవుతుంది?

"ఇంట్లో గొంతంటూ వినపడి ఎన్నాళ్ళైందో తల్లీ" అన్నారావిడ, కాఫీ గ్లాసు అందిస్తూ. అమ్మ అప్పటికే వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

మకిలి తుడిచి వాల్వుని దాని చోట్లోనే పెట్టాను. క్షమించి కాదు, ఇప్పటికీ క్షమించలేదు. ఆ తుడవడం నేర్పిందీ ఆయనే. ఆ ముసలావిడ ముందు దాన్ని కొంగులో చుట్టుకోలేకపోయాను, అంతే.

స్విచ్చి వేశాను. వాల్వు రేడియో వెంటనే పలకదు, వేడెక్కాలి. ముగ్గురం ఎదురుచూశాం. మెల్లగా నాటకంలో ఎవరో మాట్లాడడం మొదలుపెట్టారు.

"ఎంతైనా మాస్టారి రేడియో గొంతే వేరమ్మా" అంది అమ్మ, కళ్ళొత్తుకుంటూ.

నేను రేడియో వెనకే నిలబడి ఉన్నాను. ఎర్రబడిన వాల్వు వెలుగులో నాన్న గీసిన 'మ' నాకొక్కదానికే కనపడుతోంది.