ఫ్యూజు వదిన, ఊపిరాడని వ్యాను

ఆవిడ అసలు పేరు కాగితాల్లో తప్ప ఎక్కడా లేదు. వీధి మొత్తానికి ఆవిడ ఫ్యూజు వదినే. ఒకసారి అత్తగారు కూడా నోరుజారి, "ఫ్యూజు వదినా, మంచినీళ్లియ్యమ్మా" అనేసింది. కాలిన వైరు వాసన నాలుగు వీధుల అవతలి నుంచే పసిగట్టి, బండి రంగు కూడా చెప్పేస్తుందంటారు. నాలుగు అన్నది అబద్ధం. మూడే.

మొగుడి షెడ్డులో ఇంజన్లు ఆయనవి, వైర్లు ఆవిడవి. సరిహద్దు బ్యాటరీ దగ్గర.

ఆ రోజు బడి వ్యాను నడిపే మరిది ఏడుపు మొహంతో వచ్చాడు.

"వదినా, నా కొంప మునిగింది. హీటరు బ్లోయరు తిరగట్లేదు, అద్దమంతా ఆవిరి. మూడింటికి తనిఖీ. వేడిగాలి రాకపోతే వ్యాను ఇంకోడికిచ్చేస్తామన్నారు బడివాళ్లు. నిన్నట్నుంచి మూడు ఫ్యూజులు మార్చా. బయల్దేరిన కాసేపటికే ఠప్పుమంటోంది."

"మోటారు పోయిందిరా," అన్నాడు ఆవిడ మొగుడు. "కొత్తది రావాలంటే నాలుగు రోజులు. ఈలోపు ముప్పై ఆంపుల ఫ్యూజు పెట్టి లాగించు."

ఆవిడ ఆయన చేతి మీద ఒక్కటి వేసింది.

"ఇరవై ఉండాల్సిన చోట ముప్పై పెడితే కాలేది ఫ్యూజు కాదు, మీ తమ్ముడు."

మోటారు ప్లగ్గు ఊడదీసింది. ఫ్యూజు ఉండే చోట రెండు వైర్లతో పాత హెడ్‌లైటు బల్బు తగిలించి, తాళం తిప్పి, బ్లోయరు స్విచ్చి వేసింది. మోటారు లేకుండా కూడా బల్బు వెలిగిందంటే దారిలో వైరు ఎక్కడో బండి ఇనుముకు తాకుతున్నట్టే.

బల్బు వెలగలేదు.

"చూశావా? మోటారే," అన్నాడు మొగుడు, మీసం కింద నవ్వుతూ.

డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి వైరును జానెడు జానెడు చొప్పున కదిపింది. బల్బు ఉలకలేదు, పలకలేదు. ఒంటిగంట దాటింది. మరిది గోళ్లు కొరకడం పూర్తిచేసి వేళ్ల మీదికొచ్చాడు.

ఆవిడ ఇవతలికొచ్చింది. "సీట్లో కూర్చో. పొద్దున బయల్దేరేటప్పుడు ఏమేం చేస్తావో అన్నీ చెయ్యి."

"అన్నీనా? తల దువ్వుకోవడం కూడానా?"

"ఉన్న నాలుగు వెంట్రుకలకు అదొకటా! అదీ చెయ్యి."

దువ్వుకున్నాడు. అద్దం సర్దాడు. ఇటుకంత హాజరు పుస్తకాన్ని డ్యాష్‌బోర్డు అరలో కుక్కాడు. అర తలుపు పడలేదు. అలవాటుగా అటు వంగి గుద్దాడు.

బల్బు భగ్గుమని వెలిగింది.

"పుస్తకం తియ్."

ఆరిపోయింది.

"మళ్లీ పెట్టు."

వెలిగింది.

అర వెనకాల బ్లోయరు వైరు ఇనప పట్టీకి ఒరుసుకుని, తొడుగు పోయి రాగి బయటపడింది. ఆవిడ దానికి కొత్త తొడుగు వేసి, పట్టీకి తగలనంత దూరం జరిపి బిగించింది. మోటారు ప్లగ్గు పెట్టి, బల్బు తీసేసి ఇరవై ఫ్యూజు నొక్కింది. పుస్తకంతోనే అర మూసి, ఇంజను వేడెక్కాక స్విచ్చి వేస్తే, వచ్చిన వేడిగాలికి మరిది నాలుగు వెంట్రుకలూ లేచి నిలబడ్డాయి.

మొగుడు మీసం సవరించుకుని, "ఊఁ, మోటారు మంచిదేలే," అన్నాడు.

మూడింటికి తనిఖీ ఆఫీసరు గాలి ముందు చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు. బయట చలి అలాంటిది మరి. ముద్ర వేస్తూ, "ఏ షెడ్డులో చేయించావ్?" అని అడిగాడు.

"షెడ్డు మా అన్నది సార్," అన్నాడు మరిది, ఛాతీ రెండంగుళాలు పెంచి. "పని మాత్రం మా వదినది."