బండి పోతే పోనీ

బుచ్చిరెడ్డిపాలెంలో ఎలిశబెతమ్మ దగ్గర స్కూటర్ నేర్చుకోవాలంటే ముందు పడడం నేర్చుకోవాలి. నడపడం సంగతి ఆ తర్వాత. వరిగడ్డి పరిచి దాని మీద రోజుల తరబడి దొర్లిస్తుంది గానీ, తాళంచెవి మాత్రం చేతికివ్వదు.

"నేను బండి నడిపేది నేర్చుకుందామని వచ్చినా అక్కా," అంది రేవతి, జడలోంచి గడ్డి ఏరుకుంటూ.

"నడిపేది ఎవరైనా నేర్పిస్తారు మే. పడేది నేర్పించేవాళ్లు యాడున్నారు? లెయ్, మళ్లీ పడు. చెయ్యి ఆనిస్తే మణికట్టు పోద్ది. గడ్డం లోపలికి పెట్టి భుజం మీద దొర్లు. బండి పోతే పోనీ!"

ఆమె కోపమంతా అక్కడే. బండికి గీత పడితే ఇంట్లో ఏమంటారోనని, ఈ ఊరి ఆడవాళ్లు పడేటప్పుడు కూడా దాన్ని వదలరట. "బండికి రంగేస్తే సరిపోద్ది. నీ మోకాలికి ఏ రంగేస్తారు?"

చర్చికి కూడా హెల్మెట్‌తోనే వచ్చేది. "ప్రార్థనకు కొంగు కప్పుకుంటే చాలమ్మా," అన్నారు పాస్టరుగారు. "మీ ఫ్యాను ఊగతా ఉండాది అయ్యగారూ," అందామె.

ఇంతా చేసి ఈమెకే నడపడం రాదని ఊరంతా నవ్వేది. ఎవరి బండికి గీత పడినా, అద్దం పగిలినా, "నేనే పడేసినా" అంటూ ఎలిశబెతమ్మే ఆ ఇంటికొచ్చి చెప్పేది మరి.

రేవతికి నవ్వే తీరిక లేదు. నెల్లూరు దారిలో ఒక బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ వేళకు బస్సు లేదు. మామ పద్మనాభయ్య బండి కొనిచ్చి షరతు పెట్టాడు: "ఒక్క గీత పడిందా, తాళంచెవి నా దగ్గర. ఉద్యోగం గిద్యోగం ఉండదు."

ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే, ఇంటికొస్తుంటే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా ట్రాక్టరు. రేవతి బండిని వడ్ల మీదికి దించి బ్రేకు వేసింది. చక్రం జర్రున జారింది. చేతులు బండిని పట్టుకోబోయాయి. "బండి పోతే పోనీ!" అని ఎలిశబెతమ్మ చెవిలో అరిచినట్టయింది. వదిలేసి దొర్లింది. మోచెయ్యి గీరుకుపోయిందంతే. వంకరపోయిన హ్యాండిల్ చూశాక మాత్రం ఏడుపొచ్చింది.

ఫోన్ చేస్తే ఎలిశబెతమ్మ పరిగెత్తుకొచ్చింది. ముందు రేవతి మోకాళ్లు చూసింది, తర్వాతే బండి. దాన్ని తనే తోసుకుంటూ ఇంటికి నడిచింది.

"పద్మనాభయ్యన్నా, ఒకసారి తోలి చూద్దామని తీసుకున్నా. నేనే పడేసినా."

"మళ్లీనా! నువ్వు పడెయ్యని బండి ఊళ్లో ఇంకేదన్నా మిగిలుండాదా తల్లీ?"

రేవతికి అప్పుడర్థమైంది. ఊరు నవ్వుకున్న ఆ పడడాల్లో ఒక్కటీ ఈమెది కాదు. గడ్డిలో దొర్లిన ఆడపిల్లలవి. రేవతికి ఒళ్లు మండింది.

"అక్క కాదు మామా, నేనే పడినా. బండి వదిలేసినా గాబట్టే నిలబడి మాట్లాడతా ఉండా. బాగు చేయించి మళ్లీ దీని మీదే పోతా."

"అసలెట్టా పడ్డావు?"

"రోడ్డు మీద వడ్లు. జారింది."

"ఎవడా బుద్ధిలేనోడు, రోడ్డు మీద ఆరబోసింది?"

"మనవే మామా."

తాళంచెవి కోసం చాచిన పద్మనాభయ్య చెయ్యి వెనక్కి పోయి తల గోక్కుంది.

"ఏందిమే, నా పేరంతా చెడగొట్టినావే!" అని గొణిగింది ఎలిశబెతమ్మ.

ఇంతసేపూ గుమ్మంలో నిలబడి వింటున్న అత్త వెంకటశేషమ్మ కొంగు నడుముకు బిగించి బయటికొచ్చింది.

"ఎలిశబెతూ, రేపు గడ్డి కాస్త మందంగా ఎయ్యి. నేనూ వస్తా."