బాసికాల బెండు

కొన్ని వేసవుల కిందట మర్రిగూడలో మిట్టమధ్యాహ్నం బస్సు కోసం నిలబడ్డాను. ఒకప్పుడు ఆంగ్లేయ సైనికులు ఎండకు పెట్టుకున్నటువంటి టోపీ నా నెత్తిన ఉంది. మెడ కాలకుండా వెనక గుడ్డ కూడా వేలాడుతోంది. ఆ టోపీ గురించి దొరికినవాళ్లకల్లా పాఠం చెప్పడం నా జబ్బు.

గొర్లు కాసే మల్లయ్య తాత నల్ల గొంగడి కప్పుకుని వచ్చాడు. "ఇంత ఎండలో ఉన్ని గొంగడేమిటి తాతా?" అని ఎగతాళిగా నవ్వి, నా పాఠం మొదలుపెట్టాను.

ఆయన టోపీ అందుకుని అంచు గోకి చూశాడు. "గిది జీలుగు బెండు గదా సారూ! మా దిక్కు పెండ్లి బాసికాలు దీంతోనే చేస్తరు. ఇంతకు పిల్లది ఏ ఊరు?"

జవాబు చెప్పబోయి తూలాను. కళ్లు తిరిగాయి. తాత నా టోపీ తన నెత్తిన పెట్టుకుని, గొంగడిని నా తల మీద గూడులా కప్పాడు. "ఎండ ఉన్ని మీదనే ఆగుతది. లోపటికి రాదు."

నిజమే. గొర్రెల వాసనతో పాటు చల్లటి నీడ. "తప్పయింది తాతా, తెలియక నవ్వాను."

"గది ఇడిసిపెట్టు. బస్సొచ్చింది, నా గొంగడి నాకియ్యి!"

"ఇంకో బస్సుకు పోతాలే తాతా" అన్నాను, లోపలి నుంచే.