సత్తార్ చూసొచ్చిన బస్రా

దూదేకుల సత్తార్‌కు ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ మాట మొదలుపెట్టినా సముద్రం అవతలి బస్రాలో తేలేవాడు. ఇబ్రహీంపట్నంలో వాన పడితే బస్రా వాన ఎట్లా ఉంటుందో చెప్పాలి. ఎవరి పరుపైనా విప్పి దూది ఏకుతుంటే, బస్రా పరుపు మీద పడుకున్నవాణ్ణి లేపడానికి నలుగురు కావాలని చెప్పాలి. యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక రంజాన్‌కు ముందు, "జర సైర్ చేసొస్త" అని దూది ఏకే విల్లు గోడకు తగిలించి విహారానికి పోయాడు, పండుగ దాటాక వచ్చాడు. చూసొచ్చింది ఒక్క నెల. ఆ నెల గురించి చెప్పడం మూడేళ్ళయినా పూర్తి కాలేదు.

ఆయన చెప్పే బస్రాలో రంజాన్ వచ్చిందంటే పొద్దు ఖర్జూరపు చెట్టుకు చిక్కుకుంటుంది. ఎవరో ఒకరు ఎక్కి విడిపిస్తే తప్ప కిందికి దిగదు. అందుకే అక్కడి రోజా ఉపవాసం ఇక్కడిదానికి రెండింతలు. ఇక రోజా విడిచే ఇఫ్తారుకు కోసే పుచ్చకాయ ఎంతుంటుందంటే, ఏడుగురు లోపల కూర్చుని గోడలు తినుకుంటూ బయటికి వస్తారు. ఏడుగురే ఎందుకని ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది.

"ఎనిమిదోడు గింజలు ఊడ్వాలె గద."

ఇరవై ఏళ్ళుగా వింటినారి పక్కనే మోగి మోగి సత్తార్‌కు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. ఏదైనా గట్టిగా అరిచి చెప్పాలి. ఒక పెద్దమనిషిని పట్టుకుని "నువ్ చెప్పేది అబద్ధం" అని అరిచేవాడు ఊళ్ళో లేడు.

ఒక్క అంజిలయ్య తప్ప. బండి తోలే అంజిలయ్య నాలుగో తరగతిలో బడి మానేశాడు. తనకు చెప్పడానికి పంతులు దగ్గర ఏమీ మిగల్లేదని అందరితో అనేవాడు. సత్తార్ బస్రా పోకముందు కోతలు కోయడంలో ఊరికి ఆయనే పటేలు. ఎద్దు కుంటుపడితే పులిని కాడికి కట్టి పట్నం దాకా తోలిన ఆయన కథకు బొంగులూరు వరకు పేరుండేది. పుచ్చకాయ వచ్చాక ఆ పులిని పలకరించే దిక్కు లేకుండా పోయింది. అంజిలయ్యకు కడుపు మండింది.

సత్తార్ కథలన్నీ చివరికి చేరే చోటు జమాల్ బీ అరుగు. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఖైసర్ యుద్ధం పనికి కూలీగా బస్రా పోయాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి, మూడోది రాలేదు. సత్తార్ తిరిగొచ్చిన రోజు భుజం మీది మూట కూడా దించకుండా తిన్నగా ఆమె దగ్గరికే వెళ్ళాడు. ఖైసర్‌ను చూశాననీ, ముప్పై రోజాలూ ఒక్కటి తప్పకుండా పట్టాడనీ, ఇద్దరం ఒకే పళ్ళెంలో ఇఫ్తార్ చేశామనీ, పని ఒడవగానే వస్తాడనీ చెప్పాడు. అప్పటి నుంచి ప్రతి రంజాన్‌లో ఆమె అరుగు మీదే రోజా విడిచేవాడు. విడిచే ముందు ఆ నెలలోంచే కొత్త సంగతి ఒకటి గుర్తొచ్చేది. ఖైసర్ మీసం పెంచిన సంగతి, ఖైసర్ అమ్మను తలుచుకున్న సంగతి. యుద్ధం ముగిసింది. ఖైసర్ రాలేదు. సంగతులు మాత్రం గుర్తొస్తూనే ఉన్నాయి.

ఆ ఏడు వానల్లో రంజాన్ వచ్చింది. కందుకూరు సోమయ్య నిజంగానే బస్రా రేవులో మూటలు మోసి వచ్చాడని అంజిలయ్య చెవిన పడింది. బండి కట్టుకుని పోయి, పెళ్ళికొడుకును తెచ్చినట్టు తెచ్చాడు. సరిగ్గా ఇఫ్తార్ వేళకు తీసుకొచ్చి సత్తార్ కుడి చెవి పక్కన కూర్చోబెట్టాడు. ఈ రోజుతో పుచ్చకాయ పని అయిపోతుందని మురిసిపోయాడు.

సత్తార్ ఖర్జూరం చేతిలో పట్టుకుని రోజా విడిచే వేళ మోగే మసీదు నగారా కోసం చూస్తున్నాడు. సోమయ్యకు కల్లాకపటం తెలియదు. బస్రా చూసినవాడు ఇంకొకడు దొరికాడన్న సంతోషంతో, దారిలో అంజిలయ్య చెప్పిన ఖైసర్ గురించి గట్టిగా అడిగాడు.

"అన్నా, ఖైసర్‌ను ఏ రేవుల చూసినవ్? నేనున్న దగ్గర గా ఏడాదిల జ్వరాలు తగిలినయ్. మనోళ్ళు మస్తుమంది..."

సత్తార్ ఖర్జూరాన్ని ఒళ్ళోకి దించాడు. ఆయన చూపు సోమయ్య మీద లేదు, అంజిలయ్య మీదా లేదు. గుగ్గిళ్ళ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ జమాల్ బీ ముఖం మీద ఉంది. గెలిచిన అంజిలయ్య ఎందుకో కొంచెం వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"నగారా అయింది. ముందు తినుండ్రి" అంది జమాల్ బీ. అని, తనే ముందుగా ఖర్జూరం నోట్లో వేసుకుంది. సత్తార్ కూడా వేసుకున్నాడు.

వాళ్ళు నీళ్ళు తాగి గుగ్గిళ్ళు సగం చేశాక మసీదులో నగారా మోగింది. సత్తార్‌కు వినబడలేదు. అంజిలయ్యకు శుభ్రంగా వినబడింది.

సత్తార్ నమాజుకు లేచి వెళ్ళాడు. చేతులు కడుక్కునే వంకతో అంజిలయ్య ఆమె దగ్గరికి పోయి, రోజా ముందే విడిచినవేంది పెద్దమ్మా అని మెల్లగా అడిగాడు.

"పండుగైనంక ఇంకో రోజా పడ్త. ఆయన పాపం గూడ నా మీదనే" అంది. చెంబు అందిస్తూ, "నా కొడుకు లేడని నాకు ఎప్పుడో తెలుసు బిడ్డా. ఆయన తెచ్చిన ఖర్జూర పొట్లం మీద బొంబాయి దుకాణం పేరుందని మసీదు పేషిమాం సాబ్ చదివి చెప్పిండు. నా పోరని జాడ కోసం బొంబాయి దాక పోయిండు, వాడు లేడన్నది గాడనే విన్నడు."

"పొట్లం చూసి గంతమాట ఎట్లంటవ్?"

"పొట్లం కాదు. ముప్పై రోజాలు పట్టిండని చెప్పిండు గదా. నా ఖైసర్ ఒక్కనాడు పగటియాళ్ళ దాక ఆగినోడు కాదు. కుండ ఎనక దాక్కొని నీళ్ళు తాగెటోడు. బతికున్నోళ్ళ గురించి ఎవ్వరు గంత మంచిగ చెప్పరు."

అంజిలయ్య తల దించుకున్నాడు.

"తెలుసని ఆయనకు చెప్పకు. చెప్తే మల్ల రాడు. ఒంటి మనిషి, ఇంట్ల వట్టి నీళ్ళతోని రోజా విడుస్తడు" అంది. అన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గదీ గాక, కుండ ఎనక దాక్కునుడు ఒక్కటి దప్ప, ఆయన చెప్పే పోరడు అచ్చం నా కొడుకే."

మర్నాడు సాయంత్రం సత్తార్ అరుగు మీద దొంగలా ఒదిగి కూర్చున్నాడు. బస్రా ఊసే ఎత్తలేదు. అంజిలయ్య వచ్చి కుడి చెవి పక్కన కూలబడి, జమాల్ బీకి కూడా వినబడేలా అరిచాడు.

"సోమయ్యను సాగనంపిన సత్తారన్నా. గాయన ఉన్నది అవతలి రేవట. మన ఖైసర్‌ను ఎరగడట, పుచ్చకాయలే చూడలేదట. ఈపారి సైర్‌కు నన్ను గూడ తోల్కపో. గింజలు నేనూడుస్త."

సత్తార్ మెల్లగా నడుం నిటారు చేశాడు.

"నీతోని గాదు. ఒక్కో గింజను బండికెత్తాలె. నీ ఎడ్లు గుంజలేవు."

"పులిని కడ్త."

"పులైతే గుంజుతది" అని ఒప్పుకున్నాడు సత్తార్. "ఖైసర్ గూడ గదే అన్నడు."

జమాల్ బీ అటు తిరిగి నవ్వుకుంది. ఆ రోజు నగారా మోగినా ముగ్గురిలో ఎవరికీ వినబడలేదు.